ఇన్ని డిపార్ట్‌మెంట్లు గంజాయి పట్టుకుంటున్నా మా వీధిలో బ్యాచ్‌లు ఎందుకు తగ్గట్లేదు?

మీ ప్రశ్న మొత్తం చదివానండి. వైజాగ్ కంచరపాలెం సైడు మీ వీధి చివర సాయంత్రమైతే ఒక బ్యాచ్ చేరుతున్నారు, గంజాయి కొడుతున్నారు, మొన్న వేరే ఏరియా కుర్రాళ్ళతో బ్లేడ్లు పట్టుకుని కొట్టుకున్నారు, ఇంకోపక్క పేపర్ తీస్తే రోజూ ఎక్కడో అక్కడ గంజాయి పట్టివేత, రాష్ట్ర పోలీసుల డ్రగ్స్ విభాగం ఈగల్ అంటారు, టాస్క్‌ఫోర్స్ అంటారు, రైల్వే పోలీస్, స్మగ్లింగ్ చూసే కేంద్రం వాళ్ళ డీఆర్ఐ, డ్రగ్స్ చూసే కేంద్రం వాళ్ళ ఎన్‌సీబీ అంటారు, మరి వీళ్ళు ఒకరితో ఒకరు అసలు మాట్లాడుకుంటారా, మీటింగులు పెట్టుకుంటే ఉపయోగం ఉందా, పోర్టు కంటైనర్ సంగతేంటి, నేను ఫోన్ చేసి చెప్తే నా పేరు బయటికొస్తుందా అని అడిగారు. మీ అక్క కొడుకు గురించి కూడా చివర్లో ఒక లైన్ రాశారు, దానికి కూడా చెప్తా. సర్వీసులో చాలా భాగం నర్సీపట్నం, చింతపల్లి వైపు, మిగతాది సిటీలో చేసి సీఐగా రిటైర్ అయినవాణ్ణి కాబట్టి కొంచెం పొడుగే అవుద్ది, ఓపిక చేసుకోండి.

మాట్లాడుకుంటారండి. పట్టుకునే రోజు వరకు బాగానే మాట్లాడుకుంటారు, పట్టుకున్నాక తగ్గిపోద్ది. సమస్యంతా అక్కడుంది.

ముందు సరుకు దారి చూడండి. అల్లూరి జిల్లాలో జి.మాడుగుల, పెదబయలు, ముంచింగిపుట్టు, జీకే వీధి, ఆ కొండలు దాటితే ఒడిశా మల్కాన్‌గిరి, కోరాపుట్ జిల్లాలు. శీలావతి రకం గంజాయి అంటే ఇక్కడిదే. 2021 చివర్లో ఆపరేషన్ పరివర్తన అని పెట్టి మనవైపు వేల ఎకరాల్లో తోటలు నరికేశారు, 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో సుమారు 2 లక్షల కిలోల గంజాయి ఒకేసారి తగలబెట్టారు, టీవీలో చూసే ఉంటారు. ఆ తర్వాత మనవైపు సాగు బాగా తగ్గిన మాట నిజమే, కొన్ని ఊళ్ళలో రైతులు కాఫీ, మిరియాలు, రాజ్‌మా, పసుపు వైపు తిరిగారు. కానీ సాగు బోర్డర్ అవతలికి జరిగింది, సరుకు దిగడం మాత్రం ఇంకా మన రోడ్ల మీదనుంచే, నర్సీపట్నం, మాడుగుల, అరకు ఘాట్ మీదుగా కిందికొచ్చి ఎన్‌హెచ్ 16 ఎక్కేస్తుంది, లేదంటే రైలెక్కుద్ది.

ఒకే కొండకి ఇటు వాలు మనది, అటు వాలు వాళ్ళది. మన ఎస్ఐ అటు దిగి తోట నరకడానికి లేదు, వాళ్ళు రావాలి. ఒకప్పుడు అక్కడ మావోయిస్టుల మందుపాతర్ల భయానికి పోలీసు కాలు పెట్టడమే గగనంగా ఉండేది, అప్పట్లో రెండు రాష్ట్రాల వాళ్ళు కలిసి కూంబింగ్ చేసిన అలవాటుంది కాబట్టి ఆఫీసర్లకి ఒకరి నంబర్లు ఒకరి దగ్గర ఉండేవి, తర్వాత గంజాయికి ఆ పరిచయాలే పనికొచ్చాయి. పై నుంచి వచ్చిన సర్క్యులర్ల కన్నా అవే ఎక్కువ పనిచేశాయని నా అభిప్రాయం.

ఇందులో పెద్ద వాటా తమిళనాడు, కేరళ, హైదరాబాద్, మహారాష్ట్ర వైపు పోతుంది. మన సిటీలో అమ్ముడయ్యేది తక్కువే. ట్రాన్స్‌పోర్ట్‌కి వెళ్ళిన కుర్రాడికి కూలీ డబ్బుతో పాటు కొంత సరుకు కూడా ఇస్తారు, వాడు దాన్ని చిన్న పొట్లాలు కట్టి తన ఏరియాలో అమ్ముకుంటాడు. మీ వీధి చివరికి వచ్చేది చాలావరకు ఇలాంటిదే అయ్యుంటుంది. ఇది గుర్తుపెట్టుకోండి, కింద మళ్ళీ అవసరం పడుద్ది.

ఇక ఎవరు పట్టుకోవచ్చు అనేది. డ్రగ్స్ కేసులు నడిచే ఎన్‌డీపీఎస్ చట్టం 1985లో వచ్చింది, 1986లో ఎన్‌సీబీ పెట్టారు. పోలీసు, ఎక్సైజ్, కస్టమ్స్, డీఆర్ఐ, ఎన్‌సీబీ, వీళ్ళందరికీ ఈ చట్టం కింద పవర్స్ ఉన్నాయి, 2019లో రైల్వే ప్రొటెక్షన్ ఫోర్స్‌కి కూడా ఇచ్చారు, కాకపోతే ఆర్‌పీఎఫ్ వాళ్ళు పట్టుకున్నాక మనిషినీ సరుకునీ రాష్ట్ర రైల్వే పోలీసు జీఆర్‌పీకో ఇంకొకరికో అప్పజెప్పాలి, కేసు వాళ్ళు నడుపుతారు. మన రాష్ట్రంలో అయితే 2020లో మద్యానికీ ఇసుకకీ ఎస్ఈబీ అని వేరే విభాగం పెట్టి, తర్వాత గంజాయి కూడా కలిపారు, 2024లో తీసేశారు, ఆ నవంబర్‌లో ఈగల్ వచ్చింది. కొత్త బోర్డు పెట్టిన ప్రతిసారీ పాత టీమ్ ఇన్‌ఫార్మర్లూ, పాత ఫైళ్ళూ చేతులు మారతాయి, ఇన్‌ఫార్మర్ అనేవాడు మనిషిని నమ్మి చెప్తాడు గానీ బోర్డుని నమ్మి చెప్పడు కదా, అక్కడ కొంత జారిపోద్ది. ఈగల్ వచ్చాక ప్రతి జిల్లాలో సెల్ పెట్టడం, అన్నీ ఒక చోటికి రావడం మాత్రం మంచిదే అయింది.

ఇప్పుడు ఒక సీజర్ (పట్టివేత) దగ్గరనుంచి చూపిస్తా, అప్పుడు మీకు అర్థమవుద్ది. రాత్రి రెండు గంటలు, నర్సీపట్నం అవతల రోడ్డు. ముందు ఒక బైక్ వస్తుంది, దాన్ని పైలట్ అంటారు, పోలీసు కనిపిస్తే వెనక బండికి ఫోన్ కొట్టడం వాడి పని. ఒకటి రెండు కిలోమీటర్ల వెనక బొలెరో, పైన కూరగాయల ట్రేలు, కింద తొట్టికి రేకుతో దొంగ అర. విప్పితే బ్రౌన్ టేపు చుట్టిన పేకెట్లు. వీఆర్వోని నిద్ర లేపి మధ్యవర్తిగా, అంటే సాక్షిగా తెచ్చుకోవాలి, ఎలక్ట్రానిక్ కాటా కావాలి, ఎస్ఐ జీపు బానెట్ మీద లాప్‌టాప్ పెట్టుకుని మధ్యవర్తుల రిపోర్ట్ టైపు చేస్తుంటాడు, ఇప్పుడు కొత్త చట్టం వచ్చాక ఇదంతా వీడియో కూడా తియ్యాలి. ఒంటి మీద వెతకాలంటే గెజిటెడ్ ఆఫీసర్ ముందా, మెజిస్ట్రేట్ ముందా అని ముద్దాయిని అడిగి రాయించుకోవాలి, ముందే అందిన సమాచారాన్ని రాసి 72 గంటల్లో పై ఆఫీసర్‌కి పంపాలి, పట్టుకున్నాక 48 గంటల్లో ఫుల్ రిపోర్ట్ వెళ్ళాలి. ఇందులో ఒక్కటి తప్పినా ఏడాది తర్వాత కోర్టులో డిఫెన్స్ లాయర్ పట్టుకునేది దాన్నే.

తూకం కూడా చిన్న విషయం కాదండి. గంజాయిలో కిలో లోపు చిన్న పరిమాణం, 20 కిలోలు దాటితే కమర్షియల్. కమర్షియల్ అయితే 10 నుంచి 20 ఏళ్ళ శిక్ష, సెక్షన్ 37 వల్ల బెయిల్ చాలా కష్టం. ఇప్పుడు 21 కిలోలు పట్టుకున్నారనుకోండి, సరుకు పచ్చిగా ఉంటే స్టోర్‌లో ఆరి 19కి వచ్చేస్తుంది. పైగా చట్టం ప్రకారం గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొసలు, ఒట్టి ఆకూ గింజా కాదు, కాబట్టి కాడలు, ఆకులు కలిపి తూచారని వాదిస్తారు. అందుకే మెజిస్ట్రేట్ ముందు ఇన్వెంటరీ, ఫొటోలు, 24 గ్రాముల చొప్పున రెండు శాంపిళ్ళు, ఇవన్నీ త్వరగా అయిపోవాలి. 2016లో సుప్రీంకోర్టు దీని మీద గట్టిగా చెప్పింది, 2022 చివర్లో రూల్సే వచ్చాయి. అంటే రెవెన్యూ, మెజిస్ట్రేట్ కోర్టు, ల్యాబ్, ప్రభుత్వ లాయర్ పీపీ, వీళ్ళు కూడా మన లిస్టులో ఉన్నట్టే, పేపర్‌లో ఎప్పుడూ కనపడరు గానీ.

ఇంతలో జరిగే అసలు విషయం ఏంటంటే, ముద్దాయి జేబులోంచి తీసి బానెట్ మీద పెట్టిన ఫోన్ మోగుతూనే ఉంటుంది. ఆగుద్ది, మళ్ళీ మోగుద్ది. అవతల సరుకు తీసుకోవాల్సినవాడు తుని దగ్గరో, ఇంకెక్కడో బండి కోసం చూస్తుంటాడు. ఒక అరగంట చూసి నంబర్ స్విచాఫ్ చేసేస్తాడు. ఆ అరగంటలో ఆ నంబర్ అవతలి జిల్లా టీమ్‌కి వెళ్ళి, వాళ్ళు టవర్ పట్టుకోగలిగితే రిసీవర్ దొరుకుతాడు. లేదా, కేసు డ్రైవర్ దగ్గర ఆగిపోద్ది. చట్టంలో సెక్షన్ 50ఏ అని ఉంది, పెద్ద అధికారుల పర్మిషన్‌తో సరుకుని పట్టుకోకుండా నిఘా పెట్టి గమ్యం దాకా వెళ్ళనివ్వచ్చు, కానీ దానికి దారిలో ఉన్న ప్రతి జిల్లావాళ్ళూ నోరు మూసుకుని సహకరించాలి, మధ్యలో ఎవరో ఒక చెక్‌పోస్ట్ వాళ్ళు మాకు దొరికిందని పట్టేసుకుంటే అంతా పోయినట్టే. ఎవరైనా పట్టుకోవచ్చు అనే చోట ఇన్‌ఫర్మేషన్ పక్కవాడికి చెప్పడానికి చెయ్యి రాదు, ఎందుకంటే రేపు ఫొటోలో ఎవరుంటారు అనేది ఉంటుంది కదా. పేకెట్లు వరసగా పేర్చి వెనక నిలబడి తీసిన ఫొటో తెల్లారేసరికి వాట్సాప్‌లో తిరుగుద్ది, దాన్ని అందరికన్నా ముందు చూసేది ఆ రిసీవరే.

డ్రైవర్ని అడిగితే మాట ఒకటే, నాకేం తెలీదు సార్, బండి ఇచ్చి తోలమన్నారు. వాడు ఇంకేదైనా చెప్పినా, చెప్పింది చెప్పినట్టు కోర్టులో పనికిరాదు, ఎన్‌సీబీ లాంటివాళ్ళు రికార్డ్ చేసే స్టేట్‌మెంట్ కూడా చెల్లదని తోఫాన్ సింగ్ కేసులో 2020లో సుప్రీంకోర్టు తేల్చేసింది. కాబట్టి బయటి సాక్ష్యం కావాలి. కాల్ డేటా, ఫాస్టాగ్ ఎక్కడెక్కడ కొట్టింది, యూపీఐలో డబ్బు ఎవరు వేశారు, ఏ లాడ్జిలో దిగారు, బండి ఎవరి పేరు మీద ఉంది. ఇవి నాలుగైదు చోట్లనుంచి రావాలి, కమర్షియల్ కేసులో చార్జిషీట్‌కి 180 రోజులు టైమ్, కోర్టు ఒప్పుకుంటే ఏడాది దాకా పొడిగించుకోవచ్చు, ఈలోపు దర్యాప్తు చేసే ఐవో బదిలీ అవుతాడు, బందోబస్తులుంటాయి, సీఎం టూర్ ఉంటుంది. చివరికి చార్జిషీట్‌లో డ్రైవర్ ఏ1 (మొదటి ముద్దాయి), సరుకు ఇచ్చిన ఒడిశా మనిషి పరారీ, తీసుకోవాల్సినవాడు పరారీ. ఇలాంటి పరారీలు, నాన్‌బెయిలబుల్ వారెంట్లు ప్రతి స్టేషన్‌లో ఎన్నో పేరుకుపోయి ఉంటాయి.

ఒక కేసు చెప్తా, పేర్లు వద్దు. రిసీవర్ వేరే రాష్ట్రం, అడ్రస్ తెలుసు, అక్కడి స్టేషన్‌కి లెటర్ పెట్టాం, రిమైండర్ పెట్టాం, ఉలుకూ పలుకూ లేదు. కొన్నాళ్ళకి అక్కడినుంచి ఒక హెడ్ కానిస్టేబుల్ తనంతట తాను ఫోన్ చేశాడు. మీరు రాసిన మనిషి మా ఏరియాలో పెద్ద రౌడీ సార్, ఒక మర్డర్ కేసులో మేం వెతుకుతున్నాం, గంజాయిలో ఉన్నాడని మాకు తెలీదు అన్నాడు. వాడు మర్డర్ చేశాడని మాకూ తెలీదు. రెండు ఫైళ్ళు పక్కపక్కన పెడితే, ఆ మర్డర్‌కి కారణం మధ్యలో మాయమైన ఒక లోడు డబ్బు. వాడు ఎక్కడ పడుకుంటాడో వాళ్ళకి తెలుసు, ఎవరితో మాట్లాడుతున్నాడో మాకు తెలుసు, వారంలోపు దొరికాడు. ముందు వాళ్ళ కేసులో రిమాండ్, తర్వాత మేం, వేరే కేసులో జైల్లో ఉన్నవాణ్ణి మన కోర్టుకి రప్పించే పీటీ వారెంట్ మీద తెచ్చుకున్నాం. ఆ హెడ్ కానిస్టేబుల్ ఫోన్ చెయ్యకపోతే మా ఫైల్లో వాడు ఇంకా పరారీలోనే ఉండేవాడు.

మీ వీధి గొడవ కూడా దీని చిన్న సైజే. గంజాయి మత్తులో కొట్టుకున్నారని పేపర్లో రాస్తారు గానీ నేను చూసిన చాలా గొడవల్లో అసలు విషయం బాకీ. సరుకు అప్పు మీద ఇస్తారు, డబ్బు తిరిగి రాదు, లేదా మన ఏరియాలో వాడెవడు అమ్మడానికి అని. కానీ కొట్లాట కేసు లోకల్ లా అండ్ ఆర్డర్ స్టేషన్‌లో కట్టుద్ది, గంజాయి కేసు ఇంకోచోట. ఆదివారం కౌన్సెలింగ్‌కి పిలిచి సంతకం పెట్టించుకుని పంపే కుర్రాడి మీద వేరే జిల్లా ఎక్సైజ్‌లోనో, రైల్వే స్టేషన్‌లోనో గంజాయి కేసు ఉన్న సంగతి ఇక్కడి ఎస్ఐకి తెలియకపోవచ్చు. 2022 నుంచి నిదాన్ అని అరెస్టయిన డ్రగ్ ముద్దాయిలందరి వివరాలు ఉండే పోర్టల్ ఎన్‌సీబీ నడుపుతోంది, స్టేషన్ల రికార్డులు కలిపే సీసీటీఎన్‌ఎస్ అంతకుముందు నుంచే ఉంది. ఉన్నాయి, కానీ సాయంత్రం గొడవ జరిగితే రాత్రికి ఆ పేరు కొట్టి చూసే ఓపిక ఎవరికుంది అనేదే ప్రశ్న. రౌడీ షీట్ల లిస్టూ, గంజాయి ముద్దాయిల లిస్టూ నెలకొకసారి పక్కపక్కన పెట్టి చూసే స్టేషన్‌లో ఈ బ్యాచ్‌లు నిలబడవు, ఇది మాత్రం నేను గట్టిగా చెప్పగలను.

ఎందుకంటే చట్టం కూడా అలాగే రాశారు. ఐపీసీ బదులు వచ్చిన బీఎన్ఎస్‌లో సెక్షన్ 111, వ్యవస్థీకృత నేరం, అందులో డ్రగ్స్ రవాణా కూడా ఉంది, కనీసం 5 ఏళ్ళ నుంచి యావజ్జీవం దాకా. కానీ అది పెట్టాలంటే గత 10 ఏళ్ళలో ఒకటి కన్నా ఎక్కువ చార్జిషీట్లు ఉండాలి, అదీ 3 ఏళ్ళు లేదా ఆపైన శిక్ష పడే నేరాల్లో. కిలో లోపు గంజాయి కేసుకి ఏడాదే శిక్ష కాబట్టి పొట్లం కేసులు ఎన్నున్నా ఈ లెక్కలోకి రావు. విచారణ లేకుండా ముందే లోపల పెట్టే మన రాష్ట్ర పీడీ యాక్ట్ 1986 ఉంది, గూండాలకీ డ్రగ్ అఫెండర్లకీ ఏడాది వరకు డిటెన్షన్, అలాంటిదే కేంద్రానిది పిట్ ఎన్‌డీపీఎస్ 1988 ఉంది, రెండింటికీ పాత కేసులన్నీ కాగితాలతో సహా ముందు పెట్టాలి. కాగితం ఒక జిల్లాలో, మనిషి ఇంకో జిల్లాలో ఉంటే ప్రపోజల్ కదలదు. ఆస్తుల జప్తు కూడా అంతే, ఎన్‌డీపీఎస్ సెక్షన్ 68ఎఫ్ కింద ఐవో ఫ్రీజ్ చేసి 48 గంటల్లో జప్తులు ఖాయం చేసే, చెన్నైలో ఉన్న కాంపిటెంట్ అథారిటీకి తెలియజెయ్యాలి, వాళ్ళు 30 రోజుల్లో కన్ఫర్మ్ చెయ్యకపోతే ఆ ఆర్డర్ పోయినట్టే. రిజిస్ట్రార్ ఆఫీసు, బ్యాంకు, ఆర్టీవో కలిసొస్తేనే అది జరుగుద్ది. జైలుకి భయపడని వాళ్ళు కూడా ఇల్లు, కారు పోతాయంటే భయపడటం చూశాను.

జైలు సంగతి కూడా ఎవరూ మాట్లాడరు. అడవివరం సెంట్రల్ జైల్లో పెద్ద భాగం ఎన్‌డీపీఎస్ వాళ్ళే, అందులో తమిళనాడు, కేరళ వాళ్ళూ ఉంటారు. బ్లేడ్ గొడవలో లోపలికెళ్ళిన ఇరవై ఏళ్ళ కుర్రాడికి అక్కడ నేరుగా పెద్ద పార్టీ పరిచయం అవుద్ది. వెళ్ళేటప్పుడు పొట్లాలు అమ్మేవాడు, వచ్చేటప్పుడు లోడు మాట్లాడుకుని వస్తాడు. ములాఖత్‌కి ఎవరొచ్చారు, బెయిల్‌కి జామీను ఎవరు నిలబడ్డారు, ఎప్పుడు రిలీజ్ అవుతున్నాడు, ఈ మూడూ జైలునుంచి స్టేషన్‌కి వస్తే సగం పని అయినట్టే.

మీటింగుల గురించి అడిగారు. డ్రగ్స్ మీద శాఖలన్నీ కలిసి కూర్చునే ఏర్పాటు ఎన్‌కార్డ్ అని 2016లో మొదలై, 2019లో ఢిల్లీ నుంచి జిల్లా దాకా నాలుగు అంచెలు చేశారు, జిల్లాలో కలెక్టర్, ఎస్పీ, ఎక్సైజ్, ఫారెస్ట్, డ్రగ్ కంట్రోల్, హెల్త్ అందరూ కూర్చుంటారు. టీ, బిస్కెట్, పవర్‌పాయింట్ అని నవ్వేవాళ్ళున్నారు, నేనూ నవ్వాను. కానీ ఏ పని ఎవరిది అని మినిట్స్‌లో పేరు పెట్టి రాసే కలెక్టర్ ఉంటే అదే మీటింగ్ పనిచేస్తుంది.

విశాఖ పోర్టు కథ 2024 మార్చిది, బ్రెజిల్ శాంటోస్ నుంచి 25 వేల కిలోల డ్రై ఈస్ట్ కంటైనర్. ఇంటర్‌పోల్ కబురు, సీబీఐ, కస్టమ్స్ కలిసి తెరిచారు, మొదటి టెస్టులో డ్రగ్ అన్నారు, ఎన్నికల టైము కాబట్టి ఊరంతా మోగిపోయింది, చివరికి ల్యాబ్‌లో డ్రగ్ లేదని తేలింది. సమాచారం అందుకుని ఆపడం వరకు సరిగ్గానే చేశారు. ల్యాబ్ చెప్పేదాకా ఆగకుండా వీధిలో తీర్పులిచ్చింది పార్టీలూ, టీవీలూ. మీ వీధి బ్యాచ్‌కీ దానికీ ఏ సంబంధమూ లేదు, మీరు అడిగారు కాబట్టి చెప్పాను.

ఇక మీ ఫోన్ సంగతి. 1972 ఈగల్ వాళ్ళది, 1933 ఎన్‌సీబీ వాళ్ళ మానస్ హెల్ప్‌లైన్, గొడవ జరుగుతుంటే మాత్రం ఇవేవీ వద్దు, 112 కొట్టండి. ఎన్‌డీపీఎస్ సెక్షన్ 68 ప్రకారం ఈ సమాచారం నీకెవరిచ్చారు అని ఆఫీసర్ని ఎవరూ బలవంతంగా చెప్పించలేరు, కోర్టు కూడా. నిజం చెప్పాలంటే పేరు బయటికి పోయేది చట్టంలోనుంచి కాదు, మనం ముందు పక్కింటివాళ్ళకి చెప్పి తర్వాత పోలీసుకి చెప్తాం, అక్కడినుంచి పోద్ది. తెలిసిన కానిస్టేబుల్‌కి చెప్తే సరిపోతుందిలే అని కూడా అనుకోవద్దు, నంబర్‌కే చెయ్యండి, అక్కడ రికార్డ్ అవుద్ది. గంజాయి తాగుతున్నారండీ అంటే ఎవరికీ ఏం ఉపయోగం లేదు. ఎన్ని గంటలకి చేరతారు, పొట్లాలు తెచ్చేవాడు ఏ బండి మీద వస్తాడు, నంబర్, ఎటునుంచి వచ్చి ఎటు పోతాడు, వారంలో ఏ రోజులు, సరుకు గోడ సందులో పెడతారా బండి సీటు కిందా, ఇలా చెప్పండి. దాచే చోటు తెలిస్తే టీమ్‌కి సగం పని తగ్గుద్ది. బాల్కనీలోంచి వీడియో తియ్యడం లాంటివి చెయ్యొద్దు, చూస్తే మీకే ప్రమాదం. పడనివాడి పేరు కావాలని ఇరికిస్తే మాత్రం సెక్షన్ 58 ఉంది, రెండేళ్ళ దాకా.

మీ అక్కగారి అబ్బాయి ఆ బ్యాచ్‌తో కూర్చుంటున్నాడు, ఇంకా కేసేమీ లేదు అన్నారు. సెక్షన్ 64ఏ అని ఉంది, అలవాటు పడినవాడు తాగినందుకో చిన్న పరిమాణం దొరికినందుకో కేసైనా, తనంతట తానే ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట ట్రీట్‌మెంట్‌కి ఒప్పుకుని పూర్తి చేస్తే ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు, మధ్యలో మానేస్తే అది పోద్ది. కేసు అయ్యేదాకా ఎందుకు, ఇప్పుడే చినవాల్తేరు మెంటల్ హాస్పిటల్‌కి తీసుకెళ్ళండి, పేరు చూసి అక్కగారు బాధపడతారేమో గానీ అక్కడ డీఅడిక్షన్ డాక్టర్లు చూస్తారు. వెళ్ళేముందు కనుక్కోవాలంటే డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేస్తే చెప్తారు. ఆ అబ్బాయిని కూర్చోబెట్టి ఎవరు అమ్ముతున్నార్రా అని మాత్రం ఇంట్లో నిలదీయొద్దు, వాడు వెళ్ళి అక్కడ చెప్పేస్తాడు. ముందు వాణ్ణి కొన్నాళ్ళు ఊళ్ళో మీ అమ్మగారి దగ్గరికి పంపించి, తర్వాత ఫోన్ చెయ్యండి.